కూర్చునే తీరిక లేనివాళ్ళు పనిలోనే ఎరుక ఎలా పట్టాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి) అడిగిన ప్రశ్న

నమస్కారం అండి. మైండ్‌ఫుల్‌నెస్ (ఎరుక) గురించి తెలుగులో ఏది చదివినా ఒకేచోట మొదలవుతోంది: తెల్లవారుజామున లేవండి, చాప పరుచుకోండి, 20 నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోండి. సరుకుల కొట్టు నడిపే ఇంట్లో ఆ 20 నిమిషాలు ఎక్కడివి? ఐదింటికి పాలు, ఆరింటికి కుళాయి నీళ్ళు, ఏడింటికి షట్టరు. అక్కణ్ణించి పొద్దుగూకేదాకా ఒకరితో తెలుగు, ఒకరితో ఒడియా, సంతరోజున సవర కూడా. రాత్రి పదింటికి కూర్చుంటే వచ్చేది నిద్రే.

తెలుసుకోవాలనుకునేవి ఇవి. విడిగా కూర్చోకుండా, చేసే పనిలోనే ఈ అభ్యాసం మొదలుపెట్టొచ్చా? పెడితే ఏ పనితో, ఎంతసేపు, ఎన్నాళ్ళు? మొదలెట్టిన రెండో నిమిషానికే మనసు అప్పు ఖాతా మీదకో, పిల్లల ఫీజు మీదకో పోతుంది. అలా పోతే చేతకాలేదనే లెక్కా? బేరం దగ్గర కోపం వచ్చిన క్షణంలో ఇది అక్కరకొస్తుందా, లేకపోతే తరవాత బాధపడడానికేనా? గంటగంటకీ మోగే ఆప్ ఫోన్లో పెట్టుకోమంటున్నారు, దానివల్ల ఉపయోగం ఉందా?

సిద్ధాంతం తక్కువైనా ఫర్వాలేదు. ఏటి చెయ్యాలో, ఎక్కడ తప్పుతుందో, ఎందుకు తప్పుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

నాగావళి (రాయగడ)

మహేంద్రతనయ గారూ, నిస్సందేహంగా మొదలుపెట్టొచ్చు. ఇంగ్లీషువాళ్ళు మైండ్‌ఫుల్‌నెస్ అన్నది పాళీలో, అంటే పాత బౌద్ధ గ్రంథాల భాషలో, 'సతి' అనే మాట. సంస్కృతంలో అదే 'స్మృతి', అంటే గుర్తు. మనసుని ఖాళీ చెయ్యడమన్న అర్థం అందులో ఎక్కడా లేదు. చేస్తున్న పనిని మరవకుండా ఉండటం, మరిస్తే మళ్ళీ గుర్తు తెచ్చుకోవడం, అంతే. దీన్ని వివరించే పాళీ సుత్తాల్లో, అంటే బుద్ధుడి ప్రసంగాల్లో, శ్వాసతో పాటు నడవడం, వంగడం, చెయ్యి చాపడం, బట్ట కట్టుకోవడం, తినడం, తాగడం, ఆఖరికి మలమూత్ర విసర్జన కూడా వరసగా చెప్పి ఉన్నాయి. పనిలో ఎరుక పట్టడం ఈమధ్య ఎవరో తీరిక లేనివాళ్ళ కోసం కనిపెట్టిన అడ్డదారి అనుకోకండి, మొదట్నించీ అభ్యాసంలో భాగమే.

గుర్తు అనే అర్థం పట్టుకుంటే అసలు చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. "ఇవాళ గిన్నెలు తోమేటప్పుడు ఎరుకగా ఉంటాను" అని పొద్దున్న అనుకున్న మనిషికి, గిన్నెలన్నీ బోర్లించాక ఆ మాట గుర్తొస్తుంది. ఏకాగ్రత కుదరకపోవడం రెండో సంగతి. ముందు గుర్తుకు రావాలి కదా. అందుకని అభ్యాసాన్ని ఎలాగూ తప్పని ఒక పనికి ముడివెయ్యాలి, ఒక్కదానికే.

ఆ పనిని ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. రోజూ తప్పకుండా జరిగేదై ఉండాలి. చేతులో పాదాలో కదలాలి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో స్పష్టంగా తెలియాలి. 2 నుంచి 5 నిమిషాల్లో అయిపోవాలి. ఆ సమయంలో ఎవరితోనూ మాట్లాడే అవసరం ఉండకూడదు. కల్లాపి చల్లి ముగ్గు వెయ్యడం, బకెట్టు స్నానం, చోడి అంబలి తాగడం, గల్లాపెట్టెలో చిల్లర సర్దడం, ఇవన్నీ సరిపోతాయి. కత్తిపీట ముందు మాత్రం మొదట్లో వద్దు, శ్వాస మీదకి చూపు పోతే వేలు తెగుతుంది. బండి మీద ఉన్నప్పుడు రోడ్డు మీద చూపుండటమే ఎరుక, వేరే ఏదీ కలపకండి.

స్నానం ఉదాహరణగా తీసుకుంటాను. 20 లీటర్ల బకెట్టు, లీటరు మగ్గు అయితే మొత్తం 20 మగ్గులు. అభ్యాసం మొదటి 5 మగ్గులకే, మిగతా 15 మీ ఇష్టం. మగ్గు ముంచే ముందు రెండు పాదాలూ నేల మీద సమంగా ఆనించి, ఒక్క ఊపిరి లోపలికి పోయి బయటికి వచ్చేదాకా ఆగండి. ఈ ఆగడం చాలా ముఖ్యం, ఇది పని మొదలైందని మనసుకి చెప్పే గంట. తర్వాత మగ్గు ఎత్తినప్పుడు మణికట్టు మీద బరువు. నీళ్ళు ఒంటి మీద మొట్టమొదట తగిలిన చోటు. అవి వీపు మీదుగా ఎంతవరకు జారాయో, ఏ దగ్గర తెలియడం ఆగిపోయిందో. మగ్గు మళ్ళీ నీళ్ళని తాకిన చప్పుడు. ఇంతే చూడాలి. ఐదో మగ్గు అయ్యాక మరొక్క ఊపిరి ఆగి, వదిలెయ్యండి. మొత్తం నిమిషం కూడా పట్టదు.

మూడో మగ్గుకే మనసు ఖాతా పుస్తకంలోకి పోతుంది. పోనివ్వండి. పోయిందని తెలిసిన క్షణం ఉంది చూశారూ, మీరు చేస్తున్న అభ్యాసం అదే. పోకపోతే తెలియడం ఉండదు, తిరిగి రావడమూ ఉండదు. బరంపురం పట్టు మగ్గం మీద దారం మోసే నాడె ఇటు నుంచి అటు పోయి, అటు నుంచి ఇటు వస్తేనే బట్ట పెరుగుతుంది. పోయిందని తెలియగానే లోపల "పోయింది" అని ఒక్క మాట అనుకుని, చేతిలో మగ్గు బరువు దగ్గరకి వచ్చెయ్యండి. మళ్ళీ ఒకటో మగ్గు నుంచి లెక్కపెట్టడం, తిట్టుకోవడం అనవసరం.

ఇక తప్పులు. అందరికీ వచ్చేది, అందరూ ఎరుకే అని పొరబడేది లోపలి వ్యాఖ్యానం. "ఇప్పుడు నేను నీళ్ళు పోసుకుంటున్నాను, ఇప్పుడు సబ్బు తీసుకుంటున్నాను" అని మనసులో రేడియో మోగుతూ ఉంటుంది. అది స్నానం గురించి ఆలోచించడం, స్నానం తెలియడం వేరు. మాట కావాలనిపిస్తే ఒక్కటి చాలు: చల్లన, బరువు, చప్పుడు. అని వదిలేసి ఒంటి మీదకి రండి.

ఇంకొకటి, ప్రతి కదలికా నెమ్మదిగా చెయ్యబోవడం. ధ్యాన శిబిరాల్లో అలా చేయిస్తారు, ఎందుకంటే అక్కడ ఇంకే పనీ ఉండదు. ఇంట్లో గిన్నె గిన్నెకీ ఐదు నిమిషాలు పడితే ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు, నాలుగో రోజుకి అభ్యాసం మూలపడుతుంది. మామూలు వేగంతోనే చెయ్యండి. మొదటి కదలిక, చివరి కదలిక మాత్రం కొంచెం నిదానం.

ప్రశాంతత వచ్చిందా లేదా అని తూచుకోకండి. కొన్నాళ్ళు వస్తుంది, కొన్నాళ్ళు రాదు, వచ్చినా అది మన చేతిలో లేదు. కొలవదగ్గది ఒకటే: ఇవాళ ఆ పని మొదలెట్టేటప్పుడు గుర్తొచ్చిందా? వస్తే క్యాలెండర్లో ఆ తేదీ మీద పెన్సిల్‌తో చిన్న గీత. 14 రోజుల్లో 10 గీతలు పడ్డాకే రెండో పని కలపండి. పడకపోతే పనిని మార్చండి, సంకల్పాన్ని తిట్టకండి. చాలాసార్లు ఆ పనికి మొదలు స్పష్టంగా లేకపోవడమే కారణం. ఊడవడం ఇలాంటిదే: ఎవరో పిలుస్తారు, చీపురు పక్కన పెడతారు, మళ్ళీ పట్టుకుంటారు. మొదలే తెలియనప్పుడు గుర్తు ఎక్కడ పడుతుంది?

శ్వాస గురించి. కొట్టులో నిలబడి చేసుకోదగ్గ లెక్క ఒకటుంది. బొటనవేలిని చూపుడువేలి అడుగు కణుపు మీద పెట్టి, ఒక ఊపిరి బయటికి పోయాక పై కణుపుకి జరపండి. నాలుగు వేళ్ళకి మూడేసి కణుపులు, మొత్తం 12. పెద్దవాళ్ళు కదలకుండా ఉన్నప్పుడు నిమిషానికి దాదాపు 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు, కాబట్టి ఒక చుట్టుకి నిమిషంలోపే. చెయ్యి కౌంటరు కిందే ఉంటుంది, ఎవరికీ తెలియదు. ఇది ప్రాణాయామం కాదు. ఊపిరిని లాగడం, బిగపట్టడం, పొడిగించడం ఏవీ చెయ్యకూడదు, అది దానంతటది ఎలా ఉంటే అలా. కావాలని లాగుతున్నట్టు అనిపిస్తే శ్వాసని వదిలేసి పాదాల అడుగున నేల ఎలా తగులుతోందో చూడండి. కనుబొమ్మల మధ్య బిగువు, తలనొప్పి వస్తున్నాయంటే కళ్ళతో 'చూడాలని' ప్రయత్నిస్తున్నారన్నమాట. చూపుని ఎదురుగా అల్మరా మీద వదులుగా వదిలెయ్యండి.

ఆప్ గురించి అడిగారు. ఒకే శబ్దం, ఒకే వ్యవధి అయితే వారం తిరిగేసరికి అది ఫ్యాన్ చప్పుడులో కలిసిపోతుంది. పెట్టుకోవాలనుకుంటే రోజుకి 3 సార్లే, చేతులు ఖాళీగా ఉండే వేళల్లో, వారానికోసారి శబ్దం మారుస్తూ. కానీ మీ దగ్గర అంతకంటే మంచి గంట ఉంది, మీ ప్రశ్నలోనే రాశారు. తెలుగులోంచి ఒడియాలోకి మాట మారిన ప్రతిసారీ నోటి వాలు మారుతుంది, గొంతు మారుతుంది, ఒంట్లో కూడా చిన్న సర్దుబాటు జరుగుతుంది. ఆ మార్పునే గుర్తుగా పెట్టుకోండి. కొత్త భాషలో మొదటి మాట పలికేటప్పుడు రెండు పాదాలూ నేల మీద తెలియాలి. సమయం ఒక్క క్షణం కూడా ఎక్కువ పట్టదు. రోజుకి ఎన్నిసార్లు భాష మారుస్తారో అన్ని గంటలు. హద్దు జిల్లాల్లో ఉండేవాళ్ళకే ఉన్న సౌకర్యం ఇది, వాడుకోండి.

ఋషికుల్య (బరంపురం)

కోపం గురించి నేను చెబుతాను. మన ప్రాంతానికి సంబంధించిన పాఠం ఒకటుంది, అది ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది.

గంజాం జిల్లాలో, పురుషోత్తమపురం దగ్గర, ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది. అక్కడ రాతి మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. కళింగ యుద్ధాన్ని వర్ణించే 13వ శాసనం ఈ కళింగ నేల మీద చెక్కించలేదు. దానికి బదులు ఇక్కడా, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ రెండు ప్రత్యేక శాసనాలు వేయించాడు. జౌగడలోవి సమాపా నగరంలోని మహామాత్రులకి, అంటే న్యాయం చెప్పే అధికారులకి. ఒకదానిలో, మనుషుల్ని అన్యాయంగా బంధించకుండా, పక్షపాతం లేకుండా ఉండమని చెప్పి, అలా ఉండనివ్వని గుణాలు ఏడు చెబుతాడు: ఈర్ష్య, కోపం, క్రూరత్వం, తొందర, అభ్యాసం లేకపోవడం, బద్ధకం, అలసట. అన్నిటికీ మూలం కోపం తెచ్చుకోకపోవడం, తొందరపడకపోవడం అంటాడు. ఇంకో మాట కూడా ఉంది. ఈ శాసనాన్ని ప్రతి తిష్య నక్షత్రం రోజున, అంటే మన పుష్యమి నాడు, అందరూ వినాలి, మధ్యలో కూడా అవసరమైతే ఒక్కరైనా వినాలి. చదివినవాళ్ళు మరిచిపోతారని ఆయనకి తెలుసు. నాగావళి గారు చెప్పిన గుర్తు సంగతే ఇది, రెండు వేల ఏళ్ళకి పైబడింది.

ఆ ఏడు మాటలూ కాగితం మీద రాసి గల్లాపెట్టె మూత లోపల అంటించండి. మూత తెరిచినప్పుడల్లా కంటబడతాయి. బేరం దగ్గర వేడి పుట్టినప్పుడు అడగాల్సింది "ఇది ఆ ఏడింటిలో ఏది?" అని. కోపమనే అనిపిస్తుంది, కానీ సాయంత్రం నాలుగు దాటాక వచ్చే కోపంలో చాలా భాగం అలసట. పొద్దున్న ఎనిమిది, తొమ్మిది మధ్య వచ్చేది చాలావరకు తొందర. పేరు సరిగ్గా పెడితే మందు కూడా సరిగ్గా దొరుకుతుంది: అలసటకి గ్లాసుడు నీళ్ళు, 5 నిమిషాలు స్టూలు. పన్నెండు గంటలు నిలబడిన కాళ్ళకీ, ఖాళీ కడుపుకీ ఎరుక మందు కాదు. ముందు తినండి.

ఆ క్షణంలో అక్కరకొస్తుందా అన్నారు. వస్తుంది, మొదటి వారంలోనే కాదు. దీనికొక క్రమం ఉంది. కోపం మాటగా బయటపడేముందు ఒంట్లో కనబడుతుంది: దవడ బిగుసుకోవడం, భుజాలు చెవులవైపు లేవడం, ఊపిరి ఛాతీ పై భాగంలోనే ఆడటం, చెవులు వేడెక్కడం. మనిషి మనిషికీ మొదట కనబడేది వేరు. మొదటి రెండు వారాలు మీకు ఏది ముందొస్తుందో కనిపెట్టడమే పని, ఆపడం కాదు. మొదట్లో గొడవ అయిపోయిన పావుగంటకి తెలుస్తుంది. తరవాత గొడవ మధ్యలో తెలుస్తుంది. ఆ తరవాతే నోరు తెరవకముందు తెలియడం మొదలవుతుంది. ఈ మూడు మెట్లూ తెలియక, రెండోరోజే మొదటి మెట్టు దగ్గర "మనవల్ల కాదు" అని వదిలేసేవాళ్ళు ఎందరో.

పట్టుబడినప్పుడు చెయ్యాల్సింది చిన్నదే. అరచెయ్యి కౌంటరు మీదో బియ్యం బస్తా మీదో పూర్తిగా ఆనించండి. ఆ గట్టిదనమో గరుకుదనమో తెలియాలి. లోపలున్న గాలిని పూర్తిగా పోనిచ్చి, తర్వాతి ఊపిరి దానంతటది వచ్చేదాకా ఉండండి. 4, 5 సెకన్లు. అప్పుడు జవాబు. అప్పటికీ గొంతు వణుకుతుంటే "ఆగండి, లెక్క చూసి చెబుతాను" అనో, ఒడియావాళ్ళైతే "టికే రుహంతు" అనో చెప్పి ఖాతా పుస్తకం తెరవండి. అది అబద్ధం కాదు, లెక్క నిజంగానే చూడండి.

ఆ 5 సెకన్లలో "నాకు కోపం రాకూడదు" అనుకున్నారా, అంతా చెడుతుంది. కోపాన్ని నొక్కిపెట్టినట్టవుతుంది, అది రాత్రి అన్నాల దగ్గర పిల్లల మీద బయటపడుతుంది. దవడ బిగుసుకుందని తెలియాలి, అంతవరకే. ధర తగ్గించమని కూడా ఎరుక చెప్పదు. ఐదు రూపాయలు రావాల్సి ఉంటే అడగండి, అదే మాట మామూలు గొంతుతో.

వినడం గురించి కూడా ఒక మాట. ఎదుటి మనిషి చివరి మాట పూర్తయ్యాక, మీ మాటకి ముందు, ఒక ఊపిరి ఎడం ఇవ్వండి. మనకి అంతగా పట్టులేని భాషలో మాట్లాడేవాళ్ళతో ఇది మరీ అవసరం. సగం విని జవాబివ్వడంవల్లే కిలో అన్నది అరకిలో అవుతుంది, అక్కడే తగాదా మొదలవుతుంది.

ఫోన్ సంగతి. జేబులోకి చెయ్యి పోవడం తెలియాలి, అదే అభ్యాసం. తాళం తీసేముందు ఎందుకో ఒక్క మాటలో అనుకోండి: ధర, డబ్బులు వచ్చాయా, ఊరికే. 'ఊరికే' అని తేలినా చూడొచ్చు, తప్పులేదు. తెలిసి చూసినప్పుడు ఎప్పుడు ఆపాలో కూడా తెలుస్తుంది.

మహేంద్రతనయ

ఇద్దరికీ ధన్యవాదాలండి. భాష మారడం గుర్తుగా పెట్టుకోవడం ఎప్పుడూ తట్టలేదు. ఇంకో మూడు అడుగుతాను. కళ్ళు మూసుకుని శ్వాస చూస్తే దడ, ఛాతీ బిగువు పెరిగేవాళ్ళు ఉంటారు, వాళ్ళేం చెయ్యాలి? పదిరోజుల శిబిరానికి వెళ్ళకుండా ఇలా పనిలోనే ఎంతదూరం సాగుతుంది? భోజనం దగ్గర ఎలా?

వంశధార (గుణుపురం)

దడ గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే దీన్ని "పట్టుదలగా చేస్తే పోతుంది" అని చెప్పేవాళ్ళు ఉన్నారు. అది తప్పు.

జరిగేది ఇది. శ్వాస మీద చూపు పెట్టగానే చాలామంది తెలియకుండానే దాన్ని నడపడం మొదలెడతారు, అవసరానికి మించి లోతుగా, వేగంగా. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్ళ చివర్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. ఏదో అవుతోందని భయం, భయంతో ఊపిరి ఇంకా వేగం. ఈ చక్రంలో ఉన్న మనిషికి "గట్టిగా ఊపిరి తీసుకో" అని చెప్పడం నిప్పులో కిరసనాయిలు పొయ్యడమే. కళ్ళు తెరవాలి. దూరంగా ఉన్న ఐదు వస్తువుల్ని చూపుతో పట్టుకోవాలి: తలుపు గొళ్ళెం, ఎదురింటి కొబ్బరిచెట్టు, ఇలాంటివి. పాదాలు నేలకి నొక్కాలి. చేతిలో చల్లని స్టీలు గ్లాసు పట్టుకోవాలి. ఇలాంటివాళ్ళకి శ్వాస అసలు ఆధారంగా వద్దు, పాదాలో చప్పుళ్ళో పెట్టుకోవచ్చు. నడక ఇంకా మంచిది: వసారాలో 12 అడుగులు అటు, 12 ఇటు, మడమ ఆనడం, వేళ్ళు లేవడం మాత్రం చూస్తూ, 5 నిమిషాలు.

ఛాతీనొప్పి కొత్తగా వచ్చినా, చెయ్యిలోకో దవడలోకో పాకినా, చెమటలు పట్టినా, బీపీ, షుగరు ఉన్నవాళ్ళకి వచ్చినా అది ధ్యానం సంగతి కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తీవ్రమైన దిగులు, పాత దెబ్బల జ్ఞాపకాలు ఉన్నట్టుండి ముంచెత్తడం, లేని మాటలు వినబడటం ఉన్నవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా దీర్ఘ మౌన శిబిరాలకి వెళ్ళకూడదు. ధ్యానం మొదలుపెట్టామని మందులు మానకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాలలో మానసిక వైద్య విభాగం ఉంది.

శిబిరం గురించి. సత్యనారాయణ గోయెంకా గారు బర్మా నుంచి 1969లో తెచ్చిన విపశ్యన అనే ధ్యాన పద్ధతికి మహారాష్ట్ర ఇగత్‌పురిలోని ధమ్మగిరి పెద్ద కేంద్రం, అక్కడ 1976 నుంచి నడుస్తోంది. పది రోజులు మౌనం, తెల్లవారి నాలుగింటికి గంట, రోజుకి పదిగంటల వరకు సాధన. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర శ్వాస, నాలుగో రోజు నుంచి ఒంటి మీది సంవేదనలు. రుసుము లేదు, పూర్తిచేసినవాళ్ళు ఇచ్చే విరాళాలతో సాగుతుంది. ఇంకో దారి 1979లో అమెరికాలో జాన్ కబాట్ జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, తగ్గని నొప్పులున్న రోగుల కోసం మొదలుపెట్టిన 8 వారాల పాఠం. ఇంటి దగ్గర రోజుకి 45 నిమిషాల వరకు సాధన చెయ్యమంటారు. అందులో కూర్చునే సాధనతో పాటు రోజువారీ పనుల్లో చేసేది కూడా ఇంటిపనే.

శిబిరం లేకుండా ఎంతదూరం అన్నదానికి నా అభిప్రాయం: మరుపు తగ్గడానికి, కోపం ముందే పట్టుబడటానికి, పనిలో తేలికపడటానికి మీ దారి చాలు. లోపలి సన్నని కదలికలు, అంటే ఒక ఆలోచన పుట్టేచోటు, ఒక ఇష్టం పట్టుగా మారేచోటు, ఇవి చప్పుడూ పనీ మధ్య కనబడవు. వాటికి కదలని ఒళ్ళు కావాలి. కొట్టు సెలవురోజున వారానికి ఒక్కసారి 15 నిమిషాలు చాలు మొదలుపెట్టడానికి. పీట మీదో మడతపెట్టిన దుప్పటి మీదో కూర్చుని మోకాళ్ళు తుంటికంటే దిగువకి వచ్చేలా చూసుకోండి. మోకాళ్ళు పైకి లేచి ఉంటే పది నిమిషాలకే నడుం వంగిపోతుంది. నేల మీద కుదరనివాళ్ళు కుర్చీలో పాదాలు పూర్తిగా ఆనించి కూర్చోవచ్చు. కళ్ళు సగం తెరిచి, చూపు నేల మీద వాల్చండి. నిద్ర వస్తే లేచి నిలబడి చెయ్యండి, నిలబడటం కూడా సంప్రదాయంలో ఉన్న భంగిమే.

నాగావళి (రాయగడ)

భోజనం నాకు వదిలినట్టున్నారు.

వంశధార గారు చెప్పిన 8 వారాల పాఠంలో తిండి గురించిన మొదటి సాధన ఒకే ఒక ఎండుద్రాక్షతో. మన దగ్గర ఎండాకాలంలో అంతకంటే మంచి పాఠం ఇంట్లోనే ఉంది: రాత్రి నీళ్ళు పోసి పులియబెట్టిన చద్దన్నం, ఒడియావాళ్ళ బాసి పఖాళ. అందులో చల్లదనం ఉంది, పులుపు వాసన ఉంది, మెతుకు ఉంది, గంజి ఉంది, పక్కన ఉల్లిపాయ కొరుకుడు, పచ్చిమిరప ఘాటు. చూడటానికి ఇన్ని విడివిడిగా దొరికే తిండి అరుదు.

మొదటి 5 ముద్దలు మాత్రమే. గిన్నెలో చెయ్యి పెట్టేముందు ఒక ఊపిరి. నీళ్ళ చల్లదనం వేళ్ళకి ఎంతవరకు తెలుస్తోందో చూడండి. ముద్ద నోటి దగ్గరకి రాగానే పులుపు వాసన ముందు తగులుతుంది, నాలుకకి కాదు ముక్కుకి. నమలండి. మింగిన తర్వాత గొంతు దిగినంతవరకు చూడండి. ఇక్కడే అందరూ తప్పేది: నోట్లో ముద్ద ఉండగానే చెయ్యి తర్వాతి ముద్ద కలుపుతూ ఉంటుంది. అంటే నోరు ఒక ముద్ద తింటోంది, మనసు రెండో ముద్ద తింటోంది. అందుకని మింగేదాకా చెయ్యి గిన్నె అంచు మీద ఆగి ఉండాలి. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. ఆరో ముద్ద నుంచి మాట్లాడుకోవచ్చు. పిల్లలతో అయితే మొదటి ముద్ద చాలు, అదీ ఆటలాగ: "వాసన ముందొచ్చిందా, పులుపు ముందొచ్చిందా?" అని అడగండి. వాళ్ళచేత బలవంతంగా మౌనం పట్టించొద్దు.

కానీ స్నానంతో మొదలుపెట్టి ఉంటే భోజనం ఇప్పుడే కలపకండి. ఆ 14 రోజుల గీతలు చూసుకున్నాకే.

ఊరెళ్ళినప్పుడు అభ్యాసం తెగిపోతుందని బెంగపడతారు చాలామంది. కొరాపుట్ నుంచి విశాఖ వైపు వెళ్ళే కొత్తవలస–కిరండూల్ లైను మీద 50కి పైగా సొరంగాలు ఉన్నాయి. రైలు చీకట్లోకి దూరగానే దవడ, భుజాలు, పొట్ట, ఈ మూడూ ఒకసారి చూసుకోండి, బిగువుంటే వదలండి. వెలుతురు రాగానే కిటికీలోంచి కొండలు చూడండి, ఇంకేం చెయ్యొద్దు. సొరంగాలు లేని దారైతే స్టేషను స్టేషనుకీ. రెండు మూడు రోజులు పూర్తిగా మరిచిపోయినా, బాకీ తీర్చినట్టు ఒకేరోజు పది పనుల్లో చెయ్యబోకండి. ఇంటికొచ్చిన తెల్లారి మొదటి మగ్గు ముంచే ముందు ఒక్క ఊపిరి ఆగండి.